మొదటిసారి మిద్దె మీద కూరగాయలు పెట్టాను: మొక్కలు ఏపుగా ఉన్నాయి, కాయ మాత్రం లేదు

కొత్తచిగురు (నిజాంపేట, హైదరాబాద్) · 14 జులై 2024

అందరికీ నమస్కారం. మొక్కల విషయంలో నేను పూర్తిగా కొత్త. ఏప్రిల్ చివరి వారంలో మా మిద్దె మీద కూరగాయలు పెట్టడం మొదలుపెట్టాను. 20 లీటర్ల పెయింటు బకెట్లు 14, గ్రో బ్యాగులు 6 ఉన్నాయి. మా వీధిలో ఇల్లు కడుతున్నచోట పునాది తవ్విన ఎర్రమట్టి తెచ్చాను. సగం మట్టి, సగం పేడ ఎరువు కలిపి నింపాను. పది రోజులకోసారి వర్మీకంపోస్టు వేస్తున్నాను, పదిహేను రోజులకోసారి పల్లీ చెక్క నానబెట్టిన నీళ్ళు పోస్తున్నాను. నీళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క రోజు కూడా మానలేదు.

టమాటా నారు మేలో పోశాను. బాగా మొలిచింది. ఒక రోజు పొద్దున చూస్తే మొలకలన్నీ మొదట్లో నీరుకారినట్టు మెత్తబడి పక్కకు వాలిపోయి ఉన్నాయి. తర్వాత నర్సరీలో నారు కొని పెట్టాను. అవి ఇప్పుడు నా ఛాతీ దాకా వచ్చాయి, ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతోంది. పూత వస్తోంది, రాలిపోతోంది.

సొర తీగ తాడు పట్టుకుని 12 అడుగులు పాకింది. పిందె బొటనవేలంత ఉంటుంది, దాని మీద సన్నటి నూగు కూడా కనిపిస్తుంది. రెండో రోజుకి కొస పసుపు రంగుకి తిరుగుతుంది, మూడో రోజు ముట్టుకుంటే చేతిలోకి వచ్చేస్తుంది. ఇప్పటికి 11 పిందెలు ఇలాగే పోయాయి. బెండ 8 మొక్కల్లో మూడింటి ఆకులు పసుపు వల వేసినట్టు అయ్యాయి. ఒక్క తోటకూర మాత్రం రెండుసార్లు కోసి వండుకున్నాం.

రాత్రి పడుకున్నా అదే ఆలోచన. ఇంకా ఏం వేయాలి? ఏం తక్కువైంది? దయచేసి చెప్పండి.

మిద్దెమామ (ఉప్పల్) · 14 జులై 2024

అమ్మా, తక్కువైంది ఏమీ లేదు. ఎక్కువైంది. అందుకే ముందుగా ఏమీ వేయకండి.

నేను 2012 నుంచి మిద్దె మీద పెంచుతున్నాను. కొత్తవాళ్ళు ఎండబెట్టి చంపిన మొక్కలకంటే తడిపి చంపినవే ఎక్కువ చూశాను. రేపు పొద్దున నీళ్ళు పోసేముందు చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. వేలికి తడిగా మట్టి అంటితే ఆ పూట నీళ్ళు వద్దు. పొడిగా ఉంటేనే పోయండి. పోస్తే అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. రోజూ రెండుసార్లు అంటూ లెక్క పెట్టుకోకండి, ముసురు పట్టిన రోజున అసలు అవసరమే ఉండదు. మేలో మీ నారు పోయింది కూడా అందుకే. దాన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. విత్తనం ఒత్తుగా చల్లి, మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉంచితే రాత్రికి రాత్రి పడిపోతుంది. ఈసారి నారు పోసేటప్పుడు విత్తనాలు దూరం దూరంగా వేయండి. మట్టిలో కొంచెం ట్రైకోడెర్మా విరిడి (కుళ్ళు తెగులుని అణిచే, మొక్కకి మేలు చేసే బూజు) కలపండి.

పూత గురించి. టమాటాకి పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూత రాలుతుంది. మే, జూన్‌లో మన హైదరాబాద్ మిద్దె మీద వేడి కింద పెరడుకంటే ఎక్కువే. దానికితోడు మీరు పల్లీ చెక్క నీళ్ళు పోస్తున్నారు. దాంట్లో నత్రజని ఎక్కువ. నత్రజని ఆకుని పెంచుతుంది. మీరు చెప్పిన ఆ ముదురు పచ్చ నిగనిగ అదే.

సొర పిందె ఎండినట్టు కాకుండా పసుపు తిరిగి రాలితే చాలావరకు పరాగ సంపర్కం జరగలేదని అర్థం. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని పొద్దున ముడుచుకుపోతుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాని మీద వాలాలి. మిద్దె ఎత్తుకి అవి అన్నిసార్లూ రావు. మీరే చేయాలి. వెనుక పిందె లేకుండా సన్నటి పొడవాటి కాడ ఉన్నది మగపువ్వు. సాయంత్రం ఆరు దాటాక దాన్ని కోసి, రేకులు వెనక్కి మడిచి, లోపలి పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్యలో మెల్లగా తాకించండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. బీర కూడా సాయంత్రమే. కాకర, గుమ్మడి, దోస అయితే పొద్దున్నే.

సత్తుపల్లి_రైతుబిడ్డ (ఖమ్మం జిల్లా) · 14 జులై 2024

మామగారు అన్నీ చెప్పేశారు. బెండ ఒక్కటి మిగిలింది కాబట్టి అది నేను చెబుతాను.

ఈనెలు పసుపు రంగుకి తిరిగి ఆకు అంతా వల వేసినట్టు అయితే అది పల్లాకు తెగులు. వైరస్. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్కకి అంటిస్తుంది. అంటిన మొక్కకి మందు లేదు, ఎవరు ఏ సీసా అమ్మినా నమ్మకండి. ఆ మూడూ ఈరోజే పీకి సంచిలో కట్టి పారేయండి. కంపోస్టులో వేయకండి. మిగతా ఐదింటి దగ్గర జిగురు పూసిన పసుపు అట్ట ఒకటి కట్టండి, దోమ దానికి అంటుకుంటుంది. వేపనూనె లీటరు నీళ్ళకి 5 మి.లీ., అది నీళ్ళలో కలవడానికి కొద్దిగా సబ్బు నీళ్ళు. సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. దోమ కూర్చునేది అడుగునే. చాలామంది పైన తడిపి, పనిచేయలేదంటారు.

విత్తనం కొనేటప్పుడు అర్క అనామిక లాంటి రకం అడగండి. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు ఈ తెగులుని తట్టుకోవాలనే దాన్ని తయారుచేశారు. ఇప్పుడు అన్నిచోట్లా పూర్తిగా తట్టుకోవడం లేదు కానీ నాటు విత్తనంకంటే నయం.

స్లాబ్_లెక్క (కూకట్‌పల్లి) · 15 జులై 2024

నేను సివిల్ ఇంజనీర్ని. మొక్కల గురించి చెప్పేంత తెలియదు, బరువు గురించి చెప్పాలి.

మనుషులు తిరిగే మిద్దెకి మన దేశంలో లెక్కగట్టే అదనపు బరువు మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోలు. తడిసిన మట్టితో 20 లీటర్ల బకెట్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. బకెట్లు ఒకదానికొకటి ఆనించి పెడితే చదరపు మీటరులో తొమ్మిదైనా పడతాయి. అంటే 270 కిలోలు. స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకండి. పిట్టగోడల వెంబడి, కింద బీములు, గోడలు ఉన్నచోట వరుసగా పెట్టండి. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. బకెట్ కింద నాలుగు ఇటుక ముక్కలు పెట్టి లేపండి. అడుగు ఆరుతూ ఉండాలి. ఎప్పుడూ తడిగా ఉండే స్లాబులోకి నీరు దిగి ఇనుము తుప్పు పడితే కొన్నేళ్ళకి పెచ్చులూడతాయి.

కొత్తచిగురు · 15 జులై 2024

ఇప్పుడే మిద్దె ఎక్కి చూసి వచ్చాను. బకెట్లన్నీ మధ్యలో గుంపుగానే ఉన్నాయి, అక్కడైతే ఎండ బాగా పడుతుందని పెట్టాను. సాయంత్రం మావారు, నేను కలిసి గోడల పక్కకి జరుపుతాం.

వేలు గుచ్చి చూశాను. 20 కుండీల్లో 17 తడిగా ఉన్నాయి. రెండు బకెట్లకి రంధ్రాలు వేర్లతో మూసుకుపోయి అడుగున నీళ్ళు నిలిచాయి, మట్టి మురుగు వాసన వస్తోంది. మూడు నెలలుగా ప్రేమగా నేను చేసిన పని ఇదా అని చాలా బాధేసింది.

సింగ్‌నగర్_పెరడు (విజయవాడ) · 15 జులై 2024

బాధపడకమ్మా. మొదటి ఏడు మా పెరట్లో వంకాయలన్నీ పుచ్చులే. కొమ్మ చివర వాడిపోయి వేలాడుతుంటే ఎండకి అనుకుని నీళ్ళు పోసేదాన్ని. లోపల పురుగు తొలుస్తోందని ఎవరూ చెప్పలేదు. ఆ వాడిన కొసని రెండు అంగుళాల కిందికి తుంచి నలిపేస్తే సగం పురుగు అక్కడే పోతుంది. ఇప్పుడు రోజూ కాఫీ తాగాక ఒక చుట్టు తిరిగి అదే చేస్తాను.

నీకొకటి పంపుతాను. మా అమ్మ దివిసీమ నుంచి కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న పందిరి చిక్కుడు విత్తనం. కాయ అంచు ఊదారంగులో ఉంటుంది, ఉడికితే కమ్మటి వాసన. జులై చివర్లో పెడితే సంక్రాంతికి కాపు. మధ్యలో ఎంత పచ్చగా ఉన్నా పూయదు, కంగారుపడి ఏవేవో ఎరువులు వేయకు. పగటిపొద్దు తగ్గితేనే దానికి పూత. అడ్రసు విడిగా మెసేజ్ పెట్టు, కవర్లో ఆరు గింజలు పెట్టి పోస్టు చేస్తాను.

డాలస్_గోంగూర (టెక్సస్) · 16 జులై 2024

చిక్కుడు మాట వచ్చింది కాబట్టి నేను కూడా రాస్తున్నాను. ఇక్కడ మాకు ఇదే పెద్ద దిగులు. ఏప్రిల్‌లో పెడితే ఎండాకాలమంతా కంచె నిండా ఆకులే. సెప్టెంబరు వస్తే గానీ పూత రాదు. నవంబరులో మొదటి మంచు పడగానే ఒక్క రాత్రిలో తీగంతా నల్లబడిపోతుంది. ఆ ఆరేడు వారాల్లో కోసుకున్నదే కాపు. గోంగూర మాత్రం బాగా వస్తుంది, ఈ ఎండలు దానికి మన ఊరిలాగే ఉంటాయి. మంచు పోయేదాకా ఇంట్లోనే కప్పుల్లో మొలకలు పోసి, ఏప్రిల్‌లో బయటికి మారుస్తాను.

కొత్తచిగురు గారూ, మీరు జులైలో పెడితే ఫిబ్రవరి దాకా కోయగలరు. మాకు ఆ అదృష్టం లేదు.

అనకాపల్లి_పిల్ల · 16 జులై 2024

మామగారికి ఒక ప్రశ్న. వర్మీకంపోస్టు, జీవామృతం వేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అంటారు కదా. రైతుబిడ్డ గారు మందుల గురించి కూడా చెబుతారా? ఇంట్లో పిల్లలు తినేదానికి నేనైతే ఒక్క చుక్క రసాయనం కూడా వద్దంటాను.

సత్తుపల్లి_రైతుబిడ్డ · 16 జులై 2024

ఇరవై బకెట్ల తోటకి రసాయనం నేనూ వద్దనే అంటాను. చేత్తో ఏరగలిగినంత తోట అది. ఎకరాల్లో పండించే మాకు అది కుదరదు. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ రోజులు ఆగి కోసే రైతు ఎవరికీ విషం పెట్టడం లేదు. ఆ మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇంకో విషయం. జీవామృతం కొలత 200 లీటర్ల నీళ్ళకి పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, గుప్పెడు మట్టి. అది ఎకరం పొలానికి. బకెట్‌కి ఒక గ్లాసు చాలు, అది కూడా పదింతలు నీళ్ళు కలిపి. ఆవుదైనా అతిగా పోస్తే వేరు మాడుతుంది.

కొత్తచిగురు · 27 జులై 2024

రెండు వారాలు ఆగి రాస్తున్నాను. బకెట్లు గోడల వెంబడికి మార్చాం. రంధ్రాలు మళ్ళీ పొడిచాం. పల్లీ చెక్క నీళ్ళు పూర్తిగా ఆపేశాను. రోజూ వేలు పెట్టి చూసి, అవసరమైన వాటికే పోస్తున్నాను. ఈ వానల్లో వారానికి రెండుసార్లకి మించి పోయాల్సిన పనే లేదు.

17వ తేదీ సాయంత్రం ఆరున్నరకి మొదటిసారి సొర పువ్వు కలిపాను. టార్చి మా పాప పట్టుకుంది. తెల్లటి రేకులు కాగితంలా పల్చగా ఉన్నాయి, ముట్టుకుంటే ఎక్కడ చిరుగుతాయో అని చేయి వణికింది. రెండు పువ్వులకి చేశాను. గుర్తుకి కాడకి ఎర్ర దారం కట్టాను. మూడో రోజు పొద్దున ఇద్దరం పరుగెత్తుకుంటూ వెళ్ళి చూశాం. ఒకటి రాలింది. రెండోది రాలలేదు. ఇంకో రెండు రోజులకి కిందికి వంగి అరచేయంత అయింది! ఇప్పుడు జానెడున్నర. ఎప్పుడు కోయాలి?

చిక్కుడు గింజలు కూడా అందాయి అత్తా. ఆరూ పెట్టాను.

మిద్దెమామ · 27 జులై 2024

గోరు గుచ్చి చూడండి. తేలికగా దిగితే లేత, అదే సమయం. పువ్వు కలిపిన 12 నుంచి 15 రోజుల్లో కోయాలి. ముదరనిస్తే తీగ బలమంతా దానికే పోయి కొత్త పిందెలు ఆగుతాయి. తీగ చివర కూడా తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, సొరకి ఆడపువ్వులు ఎక్కువగా వచ్చేది పక్క కొమ్మల మీదే.

కొత్తచిగురు · 11 ఆగస్టు 2024

మొదటి సొరకాయ 31వ తేదీన కోశాం. తూచితే 900 గ్రాములు. సగం పాలు పోసి కూర, సగం పక్కింటివాళ్ళకి. ఈరోజుకి మొత్తం నాలుగు కాయలు. బెండ ఐదు మొక్కలు రోజు విడిచి రోజు గుప్పెడు ఇస్తున్నాయి. ఒకసారి ఊరికి వెళ్ళి నాలుగు రోజులు కోయకపోతే కాయలన్నీ నారెక్కి పడేయాల్సి వచ్చింది. టమాటా మొక్కలు పీకేశాను. అక్టోబరుకి కొత్త నారు వేస్తాను.

కొత్తచిగురు · 3 సెప్టెంబరు 2024

ఇది మొక్కల సంగతి కాదు, క్షమించండి. సింగ్‌నగర్ అత్తయ్య గారూ, మీరు క్షేమమేనా? మొన్నటి నుంచి టీవీలో బుడమేరు నీళ్ళు, సింగ్‌నగర్ పేరే. మెసేజ్ పెట్టాను, చూసినట్టు లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మిద్దెమామ · 3 సెప్టెంబరు 2024

అక్కడ కరెంటు లేదు, ఫోన్లు చాలావాటికి ఛార్జింగ్ లేదు. మా తోడల్లుడు అజిత్‌సింగ్‌నగర్‌లోనే ఉంటాడు, అతన్ని కూడా మేం ఇంకా అందుకోలేకపోయాం. తెలియగానే ఇక్కడ రాస్తాను.

డాలస్_గోంగూర · 5 సెప్టెంబరు 2024

రోజూ ఇక్కడికే వచ్చి చూస్తున్నాను. అత్తయ్య గారూ, ఒక్క మాట రాయండి చాలు.

సింగ్‌నగర్_పెరడు · 19 సెప్టెంబరు 2024

బాగానే ఉన్నామమ్మా. అందరి మెసేజ్‌లూ ఇవాళే చూశాను. కింది అంతస్తు మునిగింది. పై వాటాలో, మిద్దె మీద గడిపాం. పడవలో పాలు, అన్నం పొట్లాలు తెచ్చి ఇచ్చారు. నీళ్ళు పూర్తిగా తీయడానికి వారం పైనే పట్టింది.

పెరడు పోయింది. బొప్పాయి రెండూ, మునగ, వంగ, చిక్కుడు పందిరి అన్నీ కుళ్ళిపోయాయి. కొబ్బరి నిలిచింది. కరివేపాకు ఏమవుతుందో చూడాలి. మట్టి మీద జానెడు బురద పేరుకుంది, వాసన. వంటింటి అటక మీద విత్తనాల డబ్బా ఉండేది, అటక దాకా నీళ్ళు రాలేదు. కానీ జులైలో నాటడానికి కిందికి దించి గట్టు మీదే పెట్టాను. అమ్మ చిక్కుడు గింజలు అందులోనే ఉన్నాయి. అమ్మకి ఇంకా చెప్పలేదు.

సత్తుపల్లి_రైతుబిడ్డ · 20 సెప్టెంబరు 2024

అమ్మా, మా ఖమ్మంలో కూడా మున్నేరు ఇలాగే చేసింది. మా చుట్టాల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మట్టి గురించి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ బురద పొర గట్టిపడకముందే పారతో చెక్కి తీయించండి. దాంట్లో మురుగు నీరు కలిసి ఉంటుంది కాబట్టి చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు లేకుండా దిగకండి. తర్వాత నేల ఆరనివ్వండి. తడి మీద తవ్వితే పెళ్ళలై రాయిలా అవుతుంది. ఆరాక జీలుగ గానీ జనుము గానీ ఒత్తుగా చల్లండి. 45 రోజులకి పూతకొస్తుంది, అప్పుడే కోసి మట్టిలో కలిపి తవ్వేయండి. గాలాడక చచ్చిన నేలకి అదే మళ్ళీ ప్రాణం పోస్తుంది. కొత్తిమీర, ఉల్లికాడ లాంటి పచ్చివి తినేవి ఈ సీజనుకి ఆ నేలలో వద్దు. వచ్చే ఎండలు తగిలాక మొదలుపెట్టండి.

కొత్తచిగురు · 20 సెప్టెంబరు 2024

అత్తయ్యా, ఇది చదివి ముందు మిద్దె మీదికి పరుగెత్తాను.

మీరు పంపిన ఆరులో ఐదు మొలిచాయి. ఒకదాన్ని నత్త కొరికేసింది. నాలుగు తీగలు ఇనుప తీగ మీదికి ఎక్కి ఇప్పుడు మా పిట్టగోడ మొత్తం పరుచుకున్నాయి. ఇంకా పూత లేదు. ఈసారి కాయలు కూరకి కోయను, విత్తనానికే ఉంచుతాను. అమ్మగారికి ఆ మాట చెప్పండి.

సింగ్‌నగర్_పెరడు · 21 సెప్టెంబరు 2024

చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పందిరి ఎత్తు ఎంత వేసిందో అడుగు అంది.

అన్నీ ఉంచకు. కొన్ని కోసుకుని తినండి. మొదటి రెండు కాపులు కోసుకుంటేనే తీగ ఇంకా పూస్తుంది. ఆ తర్వాతవి ఉంచు.

కొత్తచిగురు · 24 నవంబరు 2024

అక్టోబరు చివర పూత మొదలైంది. లేత ఊదారంగు గుత్తులు, పొద్దున్నే తేనెటీగలు. పందిరి ఆరడుగులు అని అమ్మగారికి చెప్పండి.

టెన్షన్ ఏంటంటే, పూత గుత్తుల మీద నల్లటి పేను ఒత్తుగా పట్టింది. కాడ కనిపించడం లేదు. చీమలు బారులు కట్టాయి. వాటి మధ్యలో ఇంకో పురుగు తిరుగుతోంది, మొసలి పిల్లలా పొడవుగా, నల్లగా, ఒంటి మీద నారింజ చుక్కలు. వేపనూనె కలిపి పెట్టుకున్నాను, కొట్టేముందు అడుగుదామని ఆగాను.

మిద్దెమామ · 24 నవంబరు 2024

ఆగినందుకు చాలా సంతోషం. కొట్టకండి! నల్లది పేనుబంక. ఆ నారింజ చుక్కలది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయ్యాక ఎర్రటి డొప్ప మీద నల్లచుక్కలతో ఉండేది అదే. రోజుకి పదుల కొద్దీ పేనుని తింటుంది. మీ మిద్దె మీదికి అది వచ్చిందంటే మీ తోట కుదురుకుంటోంది.

ఎక్కువ పట్టిన కొసలు రెండు మూడు తుంచి పారేయండి. మిగతావాటిని పైపుతో నీళ్ళు గట్టిగా చిమ్మి కడగండి, అక్షింతల పురుగులు ఉన్న గుత్తులు వదిలేసి. తీగ మొదలు చుట్టూ కొంచెం వేపపిండి వేస్తే చీమలు తగ్గుతాయి. పేనుని కాపాడేది చీమలే, అది విడిచే తీపి రసం కోసం.

అనకాపల్లి_పిల్ల · 25 నవంబరు 2024

నేను పోయిన ఏడాది ఆ పిల్లపురుగుల్నే ఏరి చంపాను. ఇప్పుడు తెలిసింది. ఇలాంటి విషయం ముందుగా చెప్పేవాళ్ళు ఉండాలి.

మాకు ఇక్కడ పురుగుకంటే కోతుల బాధ. పందిరి మీద వల కప్పినా చింపేస్తున్నాయి. మిరప, పసుపు, కంద, గోంగూర ముట్టడం లేదు కాబట్టి అవే పెంచుతున్నాను.

కొత్తచిగురు · 14 జనవరి 2025

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. ఈరోజు మా ఇంట్లో కూర, పచ్చడి రెండూ మిద్దె మీదివే. చిక్కుడుకాయలో కొబ్బరి వేసి కూర చేశాం. అక్టోబరులో పెట్టిన టమాటా తొమ్మిది మొక్కలు అర్క రక్షక్ రకం. ఇప్పటిదాకా 14 కిలోలు కోశాను. మొదట్లో కొన్ని కాయలకి అడుగున నల్లటి మచ్చ పడింది. మామగారిని ఫోన్లో అడిగితే కాల్షియం అందక వస్తుంది, ఒక రోజు ఎండబెట్టి ఇంకో రోజు ముంచితే అలాగే అవుతుంది అన్నారు. తడి ఒకేలా ఉండేలా మొదట్లో ఎండుటాకులు పరిచాను. తర్వాతి కాయలకి రాలేదు.

పై వరుస చిక్కుళ్ళు ముట్టుకోలేదు. దారం కట్టి గుర్తుపెట్టాను.

సింగ్‌నగర్_పెరడు · 4 ఫిబ్రవరి 2025

ఈరోజు రథసప్తమి. ఏటా మా చిక్కుడు కాయలతోనే రథం చేసి, ఆకుల్లో పరమాన్నం పెట్టేవాళ్ళం. ఈ ఏడు రైతు బజారులో కొన్నాం.

జీలుగ తవ్వి కలిపాం తమ్ముడూ. నేల గుల్లబారింది. మొన్న తవ్వితే వానపాములు కనిపించాయి.

కొత్తచిగురు · 9 మార్చి 2025

కాయలు తీగ మీదే ఎండి, ఊపితే గలగలమంటున్నాయి. నిన్న వలిచాను. 52 గింజలు వచ్చాయి. పుచ్చిన ఏడు తీసేశాను. నీడలో ఆరబెట్టాలా, ఎండలోనా? పుచ్చు పట్టకుండా ఏం చేయాలి?

సత్తుపల్లి_రైతుబిడ్డ · 9 మార్చి 2025

నీడలోనే, గాలి తగిలేచోట నాలుగైదు రోజులు. పంటితో కొరికితే గాటు పడకుండా టక్కున విరగాలి, అంతవరకు. తర్వాత రెండు చుక్కల ఆముదం అరచేతికి రాసుకుని గింజలు పొర్లించండి, లేదా జల్లించిన కట్టెల బూడిదలో కలపండి. గాజు సీసాలో, మూత బిగించి. మీ టమాటా అర్క రక్షక్ హైబ్రిడ్ కాబట్టి దాని విత్తనం దాచకండి, అదే కాయ రాదు. చిక్కుడు నాటుది, అది వస్తుంది.

డాలస్_గోంగూర · 10 మార్చి 2025

నాకూ ఓ నాలుగు అని అడగాలని ఉంది కానీ ఇక్కడి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తెప్పించుకోకూడదు. ఆ కాగితాలు ఎలా తీసుకోవాలో కనుక్కుంటాను. అప్పటిదాకా ఒక గాజు సీసాలో నా పేరు మీద ఉంచండి.

కొత్తచిగురు · 15 మార్చి 2025

ఉంచాను అక్కా, నాలుగు. ముప్పై గింజలు విజయవాడకి పోస్టు చేశాను. బూడిదలో కలిపి, చిన్న పాత మాత్రల డబ్బాలో పెట్టి, చుట్టూ దూది.

సింగ్‌నగర్_పెరడు · 20 మార్చి 2025

అందాయి. డబ్బా అమ్మ చేతికే ఇచ్చాను. బూడిద ఊది, ఒక్కో గింజ వెలుతురులో పట్టుకుని చూసింది. నల్లటి గింజకి పక్కన తెల్లటి గీత ఉంటుంది కదా, దాన్ని బొటనవేలితో తడిమి "మనదే" అంది.

పదిహేను గింజలు జులైలో నాటడానికి తీసిపెట్టాం. మిగతావి ఈసారి మూడు ఇళ్ళలో పంచుతున్నాను, ఒక్కచోటే ఉంచను. నీ సొర విత్తనం కూడా రెండు పంపమ్మా, ఆ ఎర్ర దారం కట్టిన తీగది ఉంటే.